గుండు కొట్టిన ప్లగ్గు

మేస్త్రి షెడ్డులోకి ఏ కొత్త మిషను వచ్చినా దానికి జరిగే మొదటి సత్కారం గుండు. పెట్టెలోంచి తీయగానే దాని ప్లగ్గుని బల్ల అంచుకి ఆనించి, ఇనుము కోసే రంపం బ్లేడుతో నెత్తి మీదున్న లావుపాటి పిన్నుని పరపరా కోసేసేవాడు. మిగిలిన రెండు కాళ్ళతో ఆ ప్లగ్గు ఏ ఇంట్లోనైనా, ఏ కాలం నాటి బోర్డులోనైనా దూరిపోతుందని ఆయన వాదన. "మూడు కాళ్ళుంటే మూడు కన్నాలు వెతుక్కోవాలి. రెండుంటే ఎక్కడైనా బతికేస్తుంది" అనేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఈయన ఇంకో అడుగు ముందుకేశాడు. ఈయన కుందేలుకి రెండే.

ఆయన తలుపులు, కిటికీలు, బీరువాలు చేసే వడ్రంగి మేస్త్రి. పని చేతనైనవాడు. ఆయన బిగించిన తలుపు కిర్రుమనదు. అందుకే ఆయన ప్లగ్గుల గురించి మాట్లాడినా జనం తలుపుల గురించి విన్నంత భక్తిగా వినేవారు. వినని మనిషి ఒకత్తే ఉంది. ఆవిడ ఆయన భార్య.

ఆవిడ సంగతి వేరు. ఉరిమితే పిడుగు తమ రేకుల మీదే పడుతుందనుకునేది. కూతురు రెండుసార్లు తుమ్మితే ఆసుపత్రి మంచమే కళ్ళకి కట్టేది. వీధిలో ఎవరో గట్టిగా అరిస్తే, ముందు ఇంట్లోవాళ్ళని లెక్కపెట్టుకునేది. "కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మా ఆవిడ కీడు దగ్గరే దిగిపోతుంది, బండి ముందుకెళ్ళదు" అని మేస్త్రి పదిమందిలో అని నవ్వించేవాడు. ఆవిడ భయాల్లో చాలావరకు ఉత్తవేనని ఆవిడకీ తెలుసు. కానీ ఏది ఉత్తదో ముందుగా చెప్పే నాథుడు లేడు గనక అన్నిటికీ సమానంగా భయపడేది.

ఈసారి భయం మాత్రం ఉత్తది కాదు. అది ఆవిడ చేతి మీదుగా వచ్చింది.

షెడ్డులో ఒక పాత చిత్రిక మిషను ఉంది. చెక్క మీద నడిపిస్తే పొరలు పొరలుగా లేపి నున్నగా చేస్తుంది. ఒళ్ళంతా ఇనుమే. దానికి ఒక అలవాటు ఉంది. చెప్పులు లేకుండా పట్టుకుంటే వేళ్ళ దగ్గర జివ్వుమనిపిస్తుంది. దానికి షెడ్డులో పెట్టిన పేరు "పలకరింపు". పనిలో కొత్తగా చేరినవాడి చేత మొదటి రోజు చెప్పులు విప్పించి ఆ మిషను పట్టించేవారు. వాడు కెవ్వుమని గంతేస్తే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వి, "పలకరించిందిరా, ఇక నువ్వు మనవాడివే" అని టీ ఇచ్చేవారు. మేస్త్రిని మాత్రం అది ఎన్నడూ పలకరించలేదు. ఆయన కాళ్ళకి మందపాటి రబ్బరు చెప్పులు ఎప్పుడూ ఉండేవి. మిషను తనని చూసి భయపడుతోందని ఆయన అనుకునేవాడు.

ఒక వాన రోజు షెడ్డు కప్పు కారుతుంటే, తడుస్తున్న మిషనుని పక్కకి జరుపుదామని ఆవిడ చెయ్యి వేసింది. ప్లగ్గు బోర్డులోనే ఉంది. మోచేతి దాకా ఒక్కసారిగా వెయ్యి చీమలు పాకినట్టయింది. చెయ్యి విదిలించుకుని గోడకి చేరగిలబడిపోయింది. మేస్త్రి పరిగెత్తుకొచ్చి, సంగతి తెలుసుకుని, "ఓస్, పలకరించిందా!" అని నవ్వాడు.

ఆనాటి నుంచి ఆవిడ షెడ్డు గడప దాటలేదు. అన్నం కూడా గడప దగ్గరే పెట్టి వచ్చేసేది.

ఇప్పుడు మేస్త్రికి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవడం లేదు. చేతిలో బోలెడు తలుపుల పని ఉంది. ఇన్నాళ్ళూ గరుకు కాగితం రుద్దడం, రంగు వేయడం, కొలతలు గీయడం చేస్తూ వచ్చిన కూతురు, "నాన్నా, చిత్రిక నేను పడతా" అంది. మేస్త్రి ఛాతీ అంగుళం పెరిగింది.

"రేపు పొద్దున్న అమ్మాయి చేతికి మిషను ఇస్తున్నా" అని అన్నం తింటూ ప్రకటించాడు.

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఏ మిషను?"

"ఏ మిషనేమిటి, చిత్రిక మిషను."

"దానికి ప్లగ్గు మార్చండి ముందు."

"మొదలెట్టింది!"

"నా చెయ్యి పట్టుకుని ఊపేసింది అది. పిల్ల చెయ్యి పట్టుకుంటే వదులుతుందా? నేల ఇంకా చెమ్మగానే ఉంది. మొన్న కొత్త బోర్డు పెట్టిన కరెంటాయన ఏమన్నాడు? ఇనుప ఒళ్ళున్న మిషనుకి మూడో పిన్ను ఉండి తీరాలన్నాడా లేదా? మీరు అది వినకుండా ఆయనకి బీరువా చూపిస్తూ కూర్చున్నారు!"

పక్క పీట మీద కూర్చున్న బావగారు గొంతు సవరించుకున్నాడు. ఈయన మేస్త్రికి అన్నగారు. వయసులో ఉన్నప్పుడు ఫ్యాన్లు బాగుచేసే కొట్లో ఒక వేసవి గడిపాడు. అక్కడ ఊడ్చేవాడని కొందరంటారు. ఏమైతేనేం, అప్పటి నుంచి కరెంటు విషయంలో ఆయనదే ఆఖరి మాట. వీధివాళ్ళు ముద్దుగా వోల్టేజీ అని పిలుస్తారు.

"చూడమ్మా, ఆ మూడో పిన్ను సంగతి నాకు తెలుసు" అన్నాడు వోల్టేజీ. "కరెంటు ఒక పిన్నులోంచి వస్తుంది, ఇంకో పిన్నులోంచి పోతుంది. రావడం, పోవడం. ఇక మూడోదానికి పనేముంది? ముక్కుపుడక లాంటిదది. అందానికి పెడతారు."

"ముక్కుపుడకైతే అన్నిటికన్నా లావుగా, పొడుగ్గా ఎందుకు చేస్తారు బావగారూ?"

"ఇత్తడి అమ్ముకోవద్దూ వాళ్ళు!"

మేస్త్రి పగలబడి నవ్వాడు. "అన్నయ్యా, దీనికి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే."

"అమ్మా, నాకేం కాదులే. చెప్పులేసుకుంటాగా" అంది కూతురు.

"రోజూ వేసుకుంటావా? ఎప్పుడూ జారిపోవా? చెమట పట్టదా? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఈ ఇంట్లో అందరికీ అలవాటే. నాకు ఉన్నది ఒక్కగానొక్క పిల్ల, ఆకులు కాదు."

వోల్టేజీ ఇంకాస్త పప్పు వడ్డించుకున్నాడు.

మధ్యాహ్నం మగవాళ్ళిద్దరూ కునుకు తీస్తుంటే, ఆవిడ పొడి తువ్వాలు చేతులకి చుట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది. బోర్డులో ఏమీ లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, చిత్రిక మిషనుని పసిపిల్లలా దుప్పటిలో చుట్టి, కూరగాయల సంచిలో పెట్టుకుని బజారుకి బయల్దేరింది. ప్లగ్గు కొనడానికి మిషనెందుకు అంటే, ఆవిడకి తన జ్ఞాపకం మీద కూడా భయమే.

కొట్టువాడు సంచిలోకి తొంగిచూసి నోరు తెరిచాడు. "ప్లగ్గు కోసం మిషను మోసుకొచ్చారా అమ్మా! చెప్పులు కొనడానికి కాళ్ళు తెచ్చినట్టుంది."

"కాళ్ళు ఇంట్లో పెట్టొచ్చి చెప్పులు కొంటారా నాయనా ఎవరైనా?"

కొట్టువాడు ఒక క్షణం ఆలోచించి, ఆ మాట నిజమేనని ఒప్పుకుని, గుత్తులు గుత్తులుగా ప్లగ్గులు బల్ల మీద పోశాడు. ఎర్రవి, నల్లవి, తెల్లవి, అద్దంలా లోపల కనబడేవి. "ఇది బాగా పోతోందమ్మా. రంగు చూడండి."

"రంగు చూడ్డానికి ఇది చీరా? పిల్ల ప్రాణం."

"అయితే ఇది తీసుకోండి. ఏ ప్లగ్గయినా ఇందులో పెట్టి, దీన్ని ఎందులోనైనా పెట్టేయొచ్చు. అన్నిటికీ సర్దుకుపోతుంది."

"అన్నిటికీ సర్దుకుపోయేది మా ఇంట్లో ఉంది. దానితోనే ఈ తిప్పలు."

ఆవిడ కళ్ళు అన్నిటికన్నా పెద్ద ప్లగ్గు మీద పడ్డాయి. పిడికిలంత ఉంది. దాన్ని చూస్తేనే కరెంటు బుద్ధిగా ఉంటుందనిపించింది. "అదివ్వు. అలాంటివే షెడ్డులో ఉన్న డ్రిల్లు మిషనుకీ, మిగతా మిషన్లన్నిటికీ ఇవ్వు."

కొట్టువాడికి అమ్మాలనే ఉంది. కానీ వస్తువు తిరిగొస్తే గొడవని మిషను ఒంటి మీద వివరాలున్న రేకు చదివాడు. "ఇది పెద్ద మోటార్లకి, నీళ్ళు కాచే గీజర్లకి. దీనికి చిన్న మూడు పిన్నులది చాలు. పెద్దది చిన్న కన్నాల్లో దూరదు కూడా. బోర్డుకి చిన్న కన్నాలా పెద్ద కన్నాలా?"

"నేను వేలు పెట్టి చూడలేదు!"

"కొత్త బోర్డంటే రెండూ ఉంటాయిలెండి. చిన్నదే తీసుకోండి. ఇక డ్రిల్లు మిషను ఉందంటున్నారు, అది ప్లాస్టిక్ ఒళ్ళేనా? దాని మీద డబ్బాలో డబ్బా బొమ్మ ఉందా?"

ఉంది. ఆవిడ దాన్ని తుడిచినప్పుడల్లా చూసేది.

"అయితే దానికి రెండు పిన్నులే. తయారయ్యేటప్పుడే అంతే. లోపల రెండు పొరల కవచం ఉంటుంది, దానికి మూడోది అక్కర్లేదు."

రెండు కాళ్ళ మీద ఏదైనా క్షేమంగా నిలబడుతుందని నమ్మడం ఆవిడ వల్ల కాలేదు. కొట్టువాడి మొహం కేసి చాలాసేపు చూసింది. డబ్బు వద్దంటున్నవాడు అబద్ధం చెప్పడని తోచి, చివరికి ఒకే ఒక చిన్న ప్లగ్గు కొంది. దాని లోపల తీగని గట్టిగా పట్టుకునే పట్టీ ఉందో లేదో విప్పించి మరీ చూసింది. పట్టీకి బిగించిన తీగని కొట్టువాడు లాగాడు. ఆవిడా లాగింది. అది కదల్లేదు.

సాయంత్రం కూతురు గుండు ప్లగ్గుని విప్పి అవతల పెట్టింది. వైరులో ఎర్ర తీగ, నల్ల తీగ, ఆకుపచ్చ తీగ ఉన్నాయి. ఆకుపచ్చది మిషను ఒంటికి కలిసి ఉంది. ఇన్నేళ్ళూ అది కోసేసిన పిన్ను మొదలుని పట్టుకుని, ఎక్కడికీ పోలేక నిలబడి ఉంది. దాన్ని కొత్త ప్లగ్గులో లావు పిన్నుకి బిగించింది. ఆవిడ పక్కనే నిలబడి, "ఇంకోసారి తిప్పు. ఇంకోసారి" అంటూ ఉంది.

"అమ్మా, ఇక తిప్పితే స్క్రూ విరుగుతుంది."

"విరిగితే విరిగింది. వదులవ్వకూడదు."

పొద్దున్న షెడ్డులో అందరూ చేరారు. మేస్త్రి కొత్త ప్లగ్గుని చూసి, పట్టిన భుజాన్ని నిమురుకుంటూ పెదవి విరిచాడు. "కిరీటం పెట్టించారన్నమాట."

"రాణీగారి ఊరేగింపు చూద్దాం" అన్నాడు వోల్టేజీ.

ఆవిడ ఒక చేతిలో ఎండిన కర్ర, ఇంకో చేతిలో దుప్పటి పట్టుకుని నిలబడింది. ఏదన్నా అయితే కర్రతో కొట్టి విడిపించాలని. కూతురు చెప్పులేసుకుని, మిషనుని బల్ల మీదే ఉంచి, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది.

మిషను గుర్రుమనబోయింది. అంతలో బోర్డులో టప్పున చప్పుడు. మిషను ఆగింది. ఫ్యాను ఆగింది. లైటు ఆరింది.

వోల్టేజీ ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోయింది. "చెప్పానా? చెప్పానా నేను? మూడో కాలు కరెంటుని మింగేస్తుందని!"

నిన్న ముక్కుపుడకన్నారు కదా, ఇవాళ మింగడం ఎప్పుడు నేర్చుకుంది అని ఆవిడకి నోటిదాకా వచ్చింది. మింగింది ఆవిడే.

మేస్త్రి బోర్డులో పడిపోయిన మీటని పైకి తోసి మళ్ళీ వేశాడు. మళ్ళీ టప్. చిత్రిక మిషను ప్లగ్గు పీకి, మీట ఇంకోసారి పైకి తోసి, డ్రిల్లు మిషను పెట్టి చూశాడు. అది ఝుమ్మని తిరిగింది. "చూశావా? రెండు కాళ్ళది పరిగెడుతోంది, మూడు కాళ్ళది కూలబడింది. ఇన్నేళ్ళు గుండు ప్లగ్గుతో ఒక్కసారైనా ఆగిందా ఇది? నీ ప్లగ్గు వచ్చింది, నా మిషను చచ్చింది."

"ప్లగ్గు కాదండీ. మిషను ఒంట్లోకి కరెంటు కారుతోంది. ఇన్నాళ్ళూ అది పోవడానికి దారి లేక మనుషుల చేతుల్లోంచి పోయింది. ఇప్పుడు దారి దొరికింది, బోర్డు పసిగట్టి ఆపేసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ప్లగ్గునంటారేమిటి?"

ఇది కరెంటాయన బోర్డు పెడుతూ చెప్పిన మాటే. ఆవిడ గడప అవతల నిలబడి భయంతో విన్నది గనక అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"బోర్డులో కొత్తగా పెట్టిన ఆ పెట్టె ఒకటి" అన్నాడు వోల్టేజీ, ఆవిడ మాట గాలికి పోయినట్టు. "ఊరికే పడిపోయే పెట్టె. పిరికిది. తమ్ముడూ, దాన్ని తీసేసి తీగలు నేరుగా కలిపేద్దాం. ప్లగ్గుకి గుండు కొట్టెయ్యి. ఐదు నిమిషాల పని."

మేస్త్రి అప్పటికే బ్లేడు అందుకున్నాడు. కొత్త ప్లగ్గుని బల్ల అంచుకి ఆనించాడు. ఇత్తడి మీద మొదటి గీత పడింది. ఆ చప్పుడు ఆవిడకి పళ్ళ మీద గీసినట్టనిపించింది. కూతురి కేసి చూసింది. ఆ చేతులు చూసింది. రంగు మరకలు, గోళ్ళ కింద చెక్క పొడి. అంత గట్టి భయంలోనూ ఆవిడ గొంతు వింతగా చల్లబడింది.

"సరే, కొట్టండి గుండు. ఆ పెట్టె కూడా తీసెయ్యండి. నేను అడ్డురాను. కాకపోతే మొదట పట్టుకునేది పిల్ల కాదు. పలకరింపే కదా, నవ్వుకునేదే కదా. బావగారూ, మీరు పెద్దవారు. ఆ చెమ్మ నేల మీద చెప్పులు విప్పి నిలబడి ఒక్కసారి పట్టుకోండి. ఆ తర్వాత మీ తమ్ముడు."

వోల్టేజీ నేల చూశాడు, మిషను చూశాడు. "నాకేం భయమా? మోకాలు నెప్పిగా ఉందమ్మా, చల్లనేల తగలకూడదన్నాడు డాక్టరు."

"చెయ్యి పెట్టండి, మోకాలు కాదుగా?"

"చేతికీ మోకాలికీ నరం ఒకటే." చెప్పులు విప్పకపోగా, కాలివేళ్ళు ముడిచి ఇంకాస్త లోపలికి తోసుకున్నాడు. "పైగా నేను షెడ్డు మనిషిని కాదు. బయటివాణ్ణి. పలకరింపు మీ షెడ్డువాళ్ళకి."

"ఇందాకటి దాకా తీగలు కలిపేది మీరే కదా బావగారూ!"

మేస్త్రికి రోషం వచ్చింది. "చాల్చాలు. నేను పట్టుకుంటా." అని ఎడం కాలి చెప్పు విసిరేశాడు. రెండో చెప్పు విసిరేశాడు. ఆవిడ ఆయన్ని సిగ్గుపడేలా చేద్దామనుకుందే గాని, ఈ మొండిమనిషి నిజంగానే పట్టుకుంటాడని తోచలేదు. మొగుణ్ణి చంపుకోవడానికి తనే ముహూర్తం పెట్టిందా? "ఏవండీ, వద్దు, ఊరికే అన్నాను..."

"వద్దు నాన్నా" అంది కూతురు. చాలా మామూలుగా అంది. వంగి తన చెప్పులు విప్పి పక్కకి పెట్టింది. చెమ్మ నేల మీద రెండు పాదాలూ ఆనించింది. "రేపటి నుంచి పట్టుకోవాల్సింది నేనే కదా. ఒకరోజు చెప్పులు మర్చిపోతాను. ఒకరోజు వాన వస్తుంది. అదేదో మీరంతా చూస్తుండగానే అయిపోనీ. మీరు గుండు కొట్టండి, నేను పట్టుకుంటా. పెదనాన్నా, గంతేస్తే మాత్రం గట్టిగా నవ్వాలి."

మేస్త్రి బ్లేడు కేసి చూశాడు, కూతురి పాదాల కేసి చూశాడు. ఆ నేల మీద అప్పటికే ఆ పాదాల చుట్టూ తడి ముద్ర కనబడుతోంది. కొత్తవాళ్ళు ఎందరో గంతేసిన చోటే అది. ఎంతమందిని చూసి నవ్వాడో. నవ్వడానికి నోరు తెరిచాడు గానీ రాలేదు.

"చెప్పులేసుకో" అన్నాడు.

"పలకరింపే కదా నాన్నా."

"చెప్పులేసుకోమన్నానా!" ఆ అరుపుకి రేకులు మోగాయి. బ్లేడు బల్ల మీద పడేసి, తన చెప్పులు కూడా వేసుకోవడం మరిచిపోయి, ప్లగ్గుని బోర్డుకి దూరంగా లాగి, స్క్రూడ్రైవరు తీసుకుని మిషను పొట్ట విప్పడం మొదలెట్టాడు. భుజం నొప్పికి పళ్ళు బిగించి ఒక్కో స్క్రూ తీశాడు. కూతురు లైటు పట్టుకుంది. ఆవిడ కర్ర వదల్లేదు.

లోపల ఏళ్ళ నాటి చెక్క పొడి ముద్ద కట్టి ఉంది. దాన్ని ఊదితే ఒక తీగ బయటపడింది. అదురుకి ఒరిసి ఒరిసి పై తొడుగు అరిగిపోయి, ఎర్రటి రాగి ఇనుప ఒంటికి ఆనుకుని ఉంది. ఆనుకున్నచోట నల్లగా కాలింది.

మేస్త్రి ఆ నలుపుని వేలితో తుడిచి చూశాడు. తర్వాత ఎవరినీ ఉద్దేశించకుండా, "ఈ మోటారు విప్పి తీగ మార్పించాలి. నాకు అనుమానంగానే ఉంది మొదటి నుంచీ" అన్నాడు.

"నేనూ అదే అనబోయా" అన్నాడు వోల్టేజీ.

ఆవిడ ఇద్దరి మొహాలూ చూసింది. నోటి నిండా మాటలున్నాయి. ముక్కుపుడక, ఇత్తడి, పిరికి పెట్టె, అన్నీ వరుసలో నిలబడి తోసుకుంటున్నాయి. ఒక్కటైనా బయటికి వదలాలనిపించింది. అంతలో కూతురు వంగి చెప్పులు తొడుక్కుంటూ కనబడింది. మాటలు వాటంతటవే వెనక్కి తగ్గాయి.

మేస్త్రి మిషనుని చంకలో పెట్టుకుని బాగుచేయించడానికి బయల్దేరాడు. వీధి మొగలో టైలరు ఎదురై, ఏమిటి మేస్త్రీ, మిషను షికారుకి తీసుకెళ్తున్నావ్ అన్నాడు. మేస్త్రి ఆగాడు. అలాంటి ప్రశ్నకి ఆగకుండా పోయే మనిషి కాదు.

"ఇందులో కరెంటు కారుతోందయ్యా. కంటికి కనబడదు. నేను పసిగట్టాను గనక సరిపోయింది. మూడు పిన్నుల ప్లగ్గు లేకుండా ఇనుప మిషను ముట్టుకోకూడదు. మా ఇంట్లో ఆడవాళ్ళకి ఎంత చెప్పినా బోధపడదు."

ఆ మాటలు కిటికీలోంచి ఆవిడకి స్పష్టంగా వినబడ్డాయి. కూతురికీ వినబడ్డాయి. "అమ్మా, విన్నావా? వెళ్ళి కడిగెయ్యనా?"

"వద్దులే" అంది ఆవిడ. "గొప్ప ఆయన్నే తీసుకోనీ. పిల్ల నాకు మిగిలింది. పంపకంలో నాకేం తక్కువ రాలేదు."

అని, ఎందుకైనా మంచిదని, నడిచి వెళ్ళి డ్రిల్లు మిషను ప్లగ్గు కూడా బోర్డులోంచి పీకేసింది.